మళ్ళీ కరోనా లాంటిది వస్తే దవాఖాన స్టాఫ్ అందరికీ విషయం ఎట్లా చేరాలి? మీ దగ్గర ఏం పని చేసిందో చెప్పండి

నల్గొండ సిస్టర్:

అందరికీ నమస్తే. నేను నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సింగ్ ఇన్‌చార్జ్‌గా చేస్తున్నాను. అరవై పడకలు. డాక్టర్లు, సిస్టర్లు, ల్యాబ్, ఫార్మసీ, ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, సెక్యూరిటీ, క్యాంటీన్ అందరినీ కలిపితే నూట ముప్పై మంది దాకా ఉంటాం. పోయిన వారం మా ఎండీ సార్ పిలిచి, మళ్ళీ కరోనా లాంటిది వస్తే మన స్టాఫ్‌ను ఎట్లా కాపాడుకోవాలి, వాళ్ళకు ఎప్పటికప్పుడు విషయం ఎట్లా అందించాలి, నెల రోజుల్లో రాసి ఇవ్వమ్మా అన్నారు. అడిగినందుకు నిజంగా సంతోషం అనిపించింది, ఎందుకంటే 2020లో నేను పని చేసిన చోట ఈ మాట అడిగిన వాళ్ళే లేరు.

అప్పుడు జరిగింది ఒకటి చెప్తాను, నా ప్రశ్న అందులోనే ఉంది. 2020 ఆగస్టు, వేరే ఊరు, వేరే దవాఖాన. కడుపు నొప్పితో వచ్చిన పేషెంట్‌కు ఆపరేషన్‌కు ముందు టెస్ట్ చేస్తే పాజిటివ్ వచ్చింది. రిపోర్టు రాత్రి వచ్చింది. పొద్దున హ్యాండోవర్‌లో నైట్ సిస్టర్ నాకు చెప్పింది, నేను డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను, ఇద్దరం ఎన్95 పెట్టుకునే ఆ గదిలోకి వెళ్ళాం. ఆ గది తుడిచే ఆయమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మామూలు బట్ట మాస్కుతోనే ఆమె రెండు రోజులు ఆ గది తుడిచింది, బెడ్‌పాన్ తీసింది, దుప్పట్లు మార్చింది. మూడో రోజు పేషెంట్ కొడుకు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే ఆమె చెవిన పడింది. నా దగ్గరికి వచ్చి "నీకు ఎరుకేనా బిడ్డా?" అని అడిగింది. నాకు ఎరుకే. ఎవరో చెప్పే ఉంటారులే అనుకున్నాను. వారం తిరక్కముందే ఆమెకు జ్వరం, తర్వాత ఇంట్లో ముసలాయనకు. ఇద్దరూ బయటపడ్డారు, దేవుడి దయ. కానీ ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పుడు మాకు వాట్సాప్ గ్రూపు ఉంది, నోటీసు బోర్డు ఉంది, ఇంగ్లీషులో సర్క్యులర్లు కూడా బాగానే వచ్చేవి. ఆయమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. బోర్డు మీద ఉన్నది ఆమెకు చదవరాదు.

కాబట్టి నాకు పుస్తకంలో ఉండే పీపీఈ (మాస్కు, గ్లౌజు, గౌను లాంటి రక్షణ సరంజామా) లిస్టు వద్దు, అది దొరుకుతుంది. మీరు నిజంగా చేసి చూసినవి చెప్పండి. విషయం ఎవరు చెప్పాలి, రోజుకు ఎన్నిసార్లు? చదువు రాని వాళ్ళకు ఎట్లా? స్టాఫ్‌లోనే ఎవరికైనా పాజిటివ్ వస్తే ఆ మనిషి పరువు పోకుండా మిగతా వాళ్ళకు ఎట్లా చెప్పాలి? మన వైపు దవాఖానల్లో పని చేసిన వాళ్ళు చెప్తే ఇంకా మంచిది, హైదరాబాద్ కార్పొరేట్ పద్ధతులు మాకు కుదరవు.


పాలమూరు స్టాఫ్ నర్స్:

అక్కా, నేను మహబూబ్‌నగర్ జిల్లాలో సర్కారు దవాఖానలో చేస్తాను. పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటి మూడు నెలలు మా దగ్గరా గందరగోళమే. మార్చి 2న రాష్ట్రంలో మొదటి కేసు వచ్చిందని విన్నాం, 22న జనతా కర్ఫ్యూ, ఆ తర్వాత ఇంటి నుంచి దవాఖానకు రావడమే పెద్ద పని. నా ఫోన్‌లో ఐదు గ్రూపులు ఉండేవి. సూపరింటెండెంట్ గారి గ్రూపు, నర్సుల గ్రూపు, జిల్లా గ్రూపు, యూనియన్ గ్రూపు, ఇంకోటి మేమే పెట్టుకున్నది. ఒకే ఆర్డర్ ఐదింటిలో వచ్చేది, ఒక్కోసారి పాతది కొత్తదాని తర్వాత వచ్చేది, ఎవరో ఆలస్యంగా ఫార్వర్డ్ చేస్తారు కదా. నైట్ డ్యూటీ చేసి పడుకుని లేచేసరికి రెండు వందల మెసేజ్‌లు. వాటిలో ఏది ఇవాళ్టిది, ఏది నిన్నటిది?

ఉదాహరణ చెప్తాను. 2020 మార్చిలో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), కరోనా పేషెంట్లను చూసే సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీ క్లోరోక్విన్ వేసుకోవచ్చు అని చెప్పింది. అందులో మోతాదు ఉంది, ఎవరు వేసుకోకూడదో కూడా ఉంది. మా దాకా వచ్చేసరికి "ఈ గోలీ వేసుకుంటే కరోనా రాదు" అని ఒక్క లైను మిగిలింది. ఒక సిస్టర్‌కు ముందే గుండె దడ ఉంది, ఆమె ఎవరికీ చెప్పకుండా వేసుకుని రెండు రోజులు మంచం పట్టింది. ఏడాది తర్వాత, 2021 మార్చిలో, ముందుజాగ్రత్తకు ఈ మందు వాడొద్దని డబ్ల్యూహెచ్‌వో గట్టిగానే చెప్పింది. ఆ మాట మా దగ్గర ఏ గ్రూపులోనూ రాలేదు. వాడమన్న మెసేజ్ అందరికీ చేరింది, వద్దన్నది ఎవరికీ చేరలేదు. మీరు రాసేదాంట్లో దీనికి తప్పకుండా చోటు ఇవ్వండి.

మా దగ్గర మార్పు ఒక ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్, దవాఖాన పనులు చూసుకునే డాక్టర్) మేడం వచ్చాక మొదలైంది. ఆమె గ్రూపులన్నీ అట్లాగే ఉంచి, డ్యూటీ మారే టైమ్ పట్టుకున్నారు. మనకు డ్యూటీలు మారేది పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 కదా. ప్రతి డ్యూటీకి పది నిమిషాల ముందు వార్డు బయట వరండాలో అందరూ దూరం దూరంగా నిలబడాలి. డాక్టర్, సిస్టర్, వార్డు బాయ్, ఆయమ్మ, గేటు దగ్గర సెక్యూరిటీ, అందరూ. మేడం రాకపోతే హెడ్ సిస్టర్ చెప్తుంది, కానీ చదివేది ఒకటే కాగితం. కాగితం మీద పైన తేదీ, టైమ్. మొదటి లైను ఎప్పుడూ "నిన్నటి నుంచి మారింది" అని ఉండేది. ఏమీ మారకపోతే "ఏమీ మారలేదు" అని కూడా చదివేవారు. మొదట్లో ఇదేంటి బడిలో ప్రార్థన లాగా అనుకున్నాం కానీ రెండు వారాలకు దాని విలువ తెలిసింది, ఏమీ మారలేదు అని వింటే ఆ రోజంతా ఫోన్ చూడాలన్న టెన్షన్ ఉండేది కాదు. కొత్త కాగితం అంటించగానే పాతది చించేసేవారు.

ఇంకొకటి, ఎందుకు మారిందో ఒక్క మాటలో చెప్పేవారు. 2020 మే 8న డిశ్చార్జ్ రూల్ మారింది, లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్ళు పది రోజులయ్యాక జ్వరం లేకపోతే మళ్ళీ టెస్ట్ అక్కర్లేకుండా ఇంటికి పోవచ్చు అని. ఆయమ్మలు లొల్లి పెట్టారు, టెస్ట్ కిట్లు అయిపోయి మా ప్రాణాలతో ఆడుకుంటున్నారని. మేడం నిలబడి, పది రోజులయ్యాక టెస్ట్‌లో పాజిటివ్ చూపించినా చాలామందిలో అది చచ్చిన వైరస్ ముక్కలేనమ్మా, అంటుకునేది కాదు అని చెప్పారు. ఆ ఒక్క మాటకు గొడవ సద్దుమణిగింది.

స్టాఫ్‌కు పాజిటివ్ వస్తే ఎట్లా చెప్పాలి అన్నారు. మా దగ్గర పేరు చెప్పేవారు కాదు, "ఫలానా రోజు ఫలానా డ్యూటీలో ఫిమేల్ మెడికల్ వార్డులో ఉన్నవాళ్ళు నన్ను కలవండి" అనేవారు. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, మాస్కు ఉందా, ఎంత దూరం, ఎంతసేపు అని అడిగేవారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మే 15న ఇచ్చిన సూచనల్లో దీనికి లెక్క ఉంది. మాస్కు లాంటివేవీ లేకుండా ఒక మీటరు లోపల ఎదురెదురుగా 15 నిమిషాలు దాటితే అది హై రిస్క్. అందరినీ క్వారంటైన్‌కు పంపితే వార్డు ఎవరు చూడాలి, ఎవరినీ పంపకపోతే వార్డే అంటించే చోటు అవుతుంది, అందుకే ఆ లెక్క. మూడు వారాలు ఇట్లా అడిగాక మాకు తెలిసిందేమిటంటే, మా వాళ్ళకు ఎక్కువగా అంటుకున్నది పేషెంట్ దగ్గర కాదు, అన్నం తినే గదిలో. వార్డులో ఆరు గంటలు పీపీఈలో ఉడికిపోయి, బయటికి వచ్చి ఆ చిన్న గదిలో మాస్కులు తీసి ఎనిమిది మందిమి టిఫిన్ డబ్బాలు మధ్యలో పెట్టుకుని తినేవాళ్ళం. పచ్చడి ఒకరిది, కూర ఒకరిది. దాన్ని ఆపడం నాకు ఇప్పటికీ బాధే, ఎందుకంటే ఆ అరగంటే మాకు ఉన్న ఒక్క ఊరట. చివరికి వరండాలో చెట్టు కింద బెంచీలు వేయించారు, ఇద్దరిద్దరు దూరంగా కూర్చుని తినేవాళ్ళం.

అదే మే 15 కాగితంలో జోడీ పద్ధతి కూడా ఉంది. ఇద్దరు కలిసి డ్యూటీ, ఒకరి పీపీఈ ఇంకొకరు చూడాలి, వేసుకునేటప్పుడూ తీసేటప్పుడూ. తీసేటప్పుడే ఎక్కువ ప్రమాదం, అలసిపోయి ఉంటాం కదా, చేయి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. జోడీలో ఉన్న మనిషి "ఆగు, ముందు చేతులు" అంటే చాలు. అందులో జూనియర్ సీనియర్ అని చూడొద్దని మేడం ముందే చెప్పారు. ఒకసారి వార్డు బాయ్ పెద్ద డాక్టర్ గారినే ఆపాడు, ఆయన ఆగారు.

చివరగా ఒకటి. డ్యూటీ చార్టులు పారేయకండి, ఏ రోజు ఎవరు ఏ వార్డులో ఉన్నారో, ఔట్‌సోర్సింగ్ వాళ్ళతో సహా. కరోనా డ్యూటీలో చనిపోయిన సిబ్బందికి కేంద్రం పెట్టిన 50 లక్షల బీమాకు, ఆ మనిషి ఆ డ్యూటీలో ఉన్నట్టు దవాఖాన ఇచ్చే సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. చార్టు లేకపోతే ఎవరు ఏమని సంతకం పెడతారు?


వనపర్తి డాక్టర్:

పాలమూరు సిస్టర్ గారు చెప్పినదాంట్లో అన్నం గది మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నేను దానికి గాలి సంగతి కలుపుతాను. మొదట్లో మనమంతా ఆరు అడుగుల దూరం, చేతులు కడుక్కోవడం, గచ్చు తుడవడం మీదే పడ్డాం. 2021 మే నెలలో, సెకండ్ వేవ్ నడుస్తుండగా, కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం తుంపర్లు రెండు మీటర్ల లోపే పడిపోతాయి కానీ సన్నటి కణాలు గాలిలో పది మీటర్ల దాకా పోగలవు, కిటికీలు తెరవండి అని చెప్పింది. నేను అప్పుడు పని చేస్తున్న చోట గోడ మీద పోస్టర్ మాత్రం పాతదే, దూరం పాటించండి అని. దాని కిందే తలుపులు మూసి స్ప్లిట్ ఏసీ వేసిన గదిలో మేం నలుగురం కూర్చునేవాళ్ళం. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. మా సీనియర్ సిస్టర్ ఒకామె ఆ నెలలోనే చనిపోయారు. ఎక్కడ అంటుకుందో నేను చెప్పలేను. కానీ ఆ గది కిటికీ ఎందుకు తెరవలేదని ఇప్పటికీ అనుకుంటాను.

సిస్టర్ గారూ, మీ ప్లాన్‌లో కిటికీలు తెరవడం ఎవరి పనో పేరుతో సహా రాయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడ లేదో ఇప్పుడే తిరిగి చూడండి, జబ్బు వచ్చినప్పుడు మేస్త్రీ దొరకడు.


మిర్యాలగూడ శానిటేషన్:

నమస్తే మేడం. నేను శానిటేషన్ సూపర్‌వైజర్‌ని, ఏజెన్సీ మనిషిని. మీ ఆయమ్మ సంగతి చదివి మనసు ఒకలాగా అయింది. మా వాళ్ళకు ఇది రోజూ జరిగేది. మేం దవాఖాన స్టాఫ్ లిస్టులో ఉండం, మా జీతం ఏజెన్సీ ఇస్తుంది, అందుకని సర్క్యులర్ వస్తే మా పేరు దాంట్లో ఉండదు. ఒక్క మాట రాయండి మేడం, "ఈ బిల్డింగ్‌లోకి పనికి వచ్చే ప్రతి మనిషి" అని. స్టాఫ్ అని రాస్తే మేం పోతాం.

మా దగ్గర ముప్పై మందిలో సగం మంది దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు, కానీ గాభరా పడ్డప్పుడు లంబాడీలో చెప్తేనే తలకెక్కుతుంది. 2020 వానాకాలంలో ఒక పిల్ల, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, హైపో (గచ్చు తుడిచే బ్లీచింగ్ ద్రావణం) బాగా పని చేయాలని బాత్రూమ్ యాసిడ్ కూడా అదే బకెట్‌లో పోసింది. చిన్న బాత్రూమ్. ఆ ఘాటుకు ఊపిరాడక కూలబడింది, వార్డు బాయ్ బయటికి లాగాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, "గట్టిగా కడగండి" అని మాత్రం చెప్పారు. అది నా తప్పు కూడా, నేను సూపర్‌వైజర్‌ని.

ఆ తర్వాత మా ఆడవాళ్ళలోనే ఒకామెతో లంబాడీలో, తెలుగులో వాయిస్ రికార్డు చేయించాను. ఒక్కోటి నిమిషం లోపే. హైపో ఎట్లా కలపాలి, అంటే ఐదు పర్సెంట్ డబ్బా అయితే ఒక మగ్గు హైపోకు నాలుగు మగ్గుల నీళ్ళు, పది పర్సెంట్ అయితే ఒకటికి తొమ్మిది, ఏ రోజుది ఆ రోజే కలపాలి, యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు. దవాఖాన చెత్త వేసే పసుపు కవరు డబుల్ వేసి ఎట్లా కట్టాలి. గ్లౌజు చిరిగితే ఏం చేయాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకు పొద్దున చీపుర్లు తీసుకునే రూమ్ దగ్గర స్పీకర్‌లో పెట్టేవాణ్ణి. మగ్గు మీద పెయింట్‌తో గీత కూడా గీయించాను, లెక్క గుర్తు లేకపోయినా గీత కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు మా వాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు, పిల్లలు పుట్టరు, చచ్చిపోతారు అని తండాలో పుకారు. మన రాష్ట్రంలో మొదటి టీకా గాంధీలో పారిశుధ్య పని చేసే అమ్మకు వేశారు, టీవీలో వచ్చింది. నేను ఆ వీడియో చూపించి "మన పని చేసే ఆమెకే ముందు వేశారు" అన్నాను. కొందరు అందుకు ఒప్పుకున్నారు. ఇంకొందరు "మన మీద టెస్ట్ చేస్తున్నారు కాబట్టే ముందు వేశారు" అన్నారు. అప్పుడు మా పెద్ద డాక్టర్ గారు వచ్చి, వాళ్ళ లైన్‌లోనే నిలబడి వాళ్ళ ముందే వేయించుకున్నారు. ఆ రోజు పద్నాలుగు మంది వేయించుకున్నారు.


సూర్యాపేట మేనేజర్:

నేను అడ్మిన్ వైపు మనిషిని, కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. అన్నీ అందరికీ చెప్పాలి అనడం బాగానే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో మా ఊళ్ళో మార్కెట్ దగ్గర కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, మా దగ్గర ఎన్95లు వారానికి సరిపడా కూడా లేవు. ఆ సంగతి చెప్తే రేపు ఎవరు డ్యూటీకి వస్తారు? మేం చెప్పలేదు. అయినా ఆ వారంలో పదకొండు మంది మానేశారు. చెప్పి ఉంటే ముప్పై మంది పోయేవారని నా భయం. దవాఖాన మూతపడితే పేషెంట్ల గతి ఏమిటి? అది కూడా ఆలోచించాలి కదా.


స్టోర్స్ ఫార్మసిస్ట్:

మేనేజర్ అన్నా, నేను నాగర్‌కర్నూల్ వైపు ఒక దవాఖానలో స్టోర్స్ చూసేవాణ్ణి, మీ బాధ నాకు తెలుసు, స్టాక్ అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలియక పారిపోయేవాణ్ణి. మొదట మేమూ దాచాం. దాచితే ఏమైందంటే, ఉన్నదాన్నే తలా ఇన్ని ఇంటికి తీసుకుపోయారు. రేపు ఉంటాయో లేదోనని. రెండు వారాల స్టాక్ ఐదు రోజుల్లో ఖాళీ అయింది.

తర్వాత స్టోర్స్ కిటికీ మీద బ్లాక్‌బోర్డు పెట్టి రోజూ పొద్దున సుద్దముక్కతో రాశాను. ఎన్95 ఎన్ని, పీపీఈ కిట్లు ఎన్ని, ఇవాళ ఎవరికి ఎన్ని, మళ్ళీ లోడ్ ఎప్పుడు. ఎన్95 తక్కువగా ఉన్నప్పుడు స్వాబ్ తీసేవాళ్ళకు, ఊపిరికి గొంతులో ట్యూబు వేసేవాళ్ళకు, ఐసీయూకు ముందు. కౌంటర్‌లో కూర్చునే నాకు సర్జికల్ మాస్కే, అది కూడా బోర్డు మీదే రాశాను. అప్పుడు గోల తగ్గింది. మనిషికి ఐదు మాస్కులు, పేరు రాసిన ఐదు కాగితపు కవర్లు, ఒకటి వాడితే మళ్ళీ దాని వంతు ఐదో రోజు తర్వాతే వస్తుంది, ఆలోపు ఆరిపోతుంది, వైరస్ బతకదు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టొద్దు, చెమట ఆరదు. తడిసినా, ఎలాస్టిక్ వదులైనా పారేయాలి.

మాస్కు గురించి ఇంకొకటి, దీన్ని సిస్టర్ గారు తప్పక రాయాలి. మా దగ్గర ఒక లాట్ వాల్వ్ ఉన్న మాస్కులు కొన్నారు. చూడటానికి గట్టిగా ఉన్నాయి, ఊపిరి సులువుగా ఆడుతుంది, అందరికీ నచ్చాయి. 2020 జూలైలో కేంద్రం అన్ని రాష్ట్రాలకు వాల్వ్ మాస్కులు వద్దని రాసింది, ఎందుకంటే మనం వదిలే గాలి వడపోత లేకుండా ఆ వాల్వ్‌లోంచి బయటికి పోతుంది. పెట్టుకున్నవాళ్ళకే జబ్బు ఉంటే ఎదుటివాళ్ళకు రక్షణ లేదు. ఆ వార్త పేపర్‌లో చూసి నేనే వెనక్కి పంపించాను, పైనుంచి మాకు ఏ కాగితమూ రాలేదు. అందుకే అంటున్నా, పైనుంచి వచ్చేవి రోజూ చూసే పని ఒక మనిషికి అప్పజెప్పాలి. అందరి పని అంటే ఎవరూ చూడరు.


పాలమూరు స్టాఫ్ నర్స్:

మేనేజర్ సార్, మీరు నిజాయితీగా చెప్పినందుకు సంతోషం. ఒక్కటే అడుగుతాను. ఆ పదకొండు మంది మాస్కులు లేవని మానేశారా, లేక లేవన్న సంగతి వేరేవాళ్ళ ద్వారా తెలిసి మానేశారా? మా దగ్గర ఒక సిస్టర్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోతూ చెప్పిన మాట, "చచ్చినా ఫర్వాలేదు కానీ నాకు అబద్ధం చెప్పారు" అని. పేషెంట్‌ను వదిలేయాలని మాకూ ఉండదు సార్.


సూర్యాపేట మేనేజర్:

అడిగారు కాబట్టి చెప్తున్నాను. వేరేవాళ్ళ ద్వారానే తెలిసింది. స్టోర్స్ అబ్బాయి ఫ్రెండ్‌కు చెప్తే అట్లా పాకింది. బోర్డు సంగతి మా దగ్గర పెట్టి చూస్తాను.


దేవరకొండ 108:

నేను అంబులెన్స్‌లో ఈఎంటీని, అంటే దారిలో పేషెంట్‌ను చూసుకునే టెక్నీషియన్‌ని. అందరూ దవాఖాన లోపల సంగతే రాస్తున్నారు. తలుపు దగ్గర సంగతి కూడా చూడండి మేడం. పేషెంట్‌ను తెచ్చేటప్పుడు జ్వరం, దగ్గు, ఆక్సిజన్ ఎంత ఉంది అన్నీ మేం ముందే ఫోన్ చేసి చెప్పగలం. ఆ ఫోన్ ఎత్తే మనిషి కావాలి. చాలా చోట్ల రిసెప్షన్ పిల్ల ఎత్తుతుంది, "తీసుకురండి" అంటుంది, వచ్చాక స్ట్రెచర్ పట్టే వార్డు బాయ్‌కు ఏమీ తెలియదు, ఉత్త చేతులతో వచ్చి పట్టుకుంటాడు. మాకు కూడా తిరిగి చెప్పాలి. నేను తెచ్చిన పేషెంట్ పాజిటివ్ అని ఆరు రోజుల తర్వాత ఆ ఊరి ఆశా అక్క ద్వారా తెలిసింది నాకు. ఆ ఆరు రోజులు మా అమ్మ పక్కనే పడుకున్నాను.

ఇంకా ఇల్లు. కరోనా డ్యూటీ అని తెలిసి మా ఓనర్ ఖాళీ చేయమన్నాడు, నెల రోజులు వెహికిల్‌లోనే పడుకున్నాం నేనూ పైలట్ (డ్రైవర్) అన్నా. స్టాఫ్ పడుకోవడానికి, స్నానానికి ఎక్కడ అనేది మీ కాగితంలో ఉండాలి. దాడులు జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కూడా. 2020 ఏప్రిల్ 22న తెచ్చిన ఆర్డినెన్స్‌తో వైద్య సిబ్బంది మీద చేయి చేసుకుంటే బెయిల్ రాని కేసు, మూడు నెలల నుంచి ఐదేళ్ళు, దెబ్బలు తీవ్రమైతే ఏడేళ్ళ దాకా అని చట్టం మారింది. మా బండి అద్దం పగలగొట్టిన రోజు మాకు ఆ సంగతే తెలియదు, కేసు కూడా పెట్టలేదు.


నల్గొండ సిస్టర్:

అందరికీ చేతులెత్తి దండం. నాలుగు రోజులుగా మీరు రాసినవి ప్రింట్ తీసుకుని ఎండీ సార్ దగ్గరికి తీసుకెళ్ళాను, కూర్చుని చదివారు. ఒప్పుకున్నవి చెప్తాను. డ్యూటీ మారే ముందు పది నిమిషాలు అందరూ నిలబడటం ఇప్పుడే మొదలు పెడదాం అన్నారు, కరోనా లేకపోయినా, డెంగీ ఉంది, టీబీ ఉంది, స్వైన్ ఫ్లూ ఉంది, అలవాటు ఇప్పుడే పడాలి అన్నారు. ఇది నాకు తట్టలేదు, ఆయనే అన్నారు. శానిటేషన్ అన్న చెప్పినట్టు "బిల్డింగ్‌లోకి పనికి వచ్చే ప్రతి మనిషి" అనే రాశాను, ఆక్సిజన్ సిలిండర్లు దింపే అబ్బాయి, క్యాంటీన్ అక్క కూడా అందులోకి వచ్చారు. స్టాక్ బోర్డుకు కొంచెం వెనకాడారు, పేషెంట్ల బంధువులు చూస్తారని. స్టాఫ్ వెళ్ళే వెనక మెట్ల దగ్గర పెడదామని సర్దుబాటు చేసుకున్నాం. అంబులెన్స్ ఫోన్ క్యాజువాల్టీ సిస్టర్ దగ్గరే ఉంటుంది, ఎత్తిన మనిషే స్ట్రెచర్ వాళ్ళకు చెప్పాలి. రిపోర్టు వస్తే 108 వాళ్ళకు అదే రోజు ఫోన్ చేయడం ల్యాబ్ ఇన్‌చార్జ్ పని అని రాశాను.

ఒప్పుకోనిది ఒకటి. స్టాఫ్ ఉండటానికి గదులు. ఖర్చు అంటున్నారు. పక్క వీధిలో ఒక ఫంక్షన్ హాల్ ఉంది, అలాంటి టైమ్‌లో పెళ్ళిళ్ళు ఎట్లాగూ ఉండవు, వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకుంటే ఎట్లా ఉంటుందని అడిగాను. చూద్దాం అన్నారు. వదిలిపెట్టను.

నిన్న సాయంత్రం ఆ ఆయమ్మకు ఫోన్ చేశాను. పని మానేసింది, చిట్యాల దగ్గర కూతురి ఇంట్లో ఉంటోంది. ఐదేళ్ళు దాటినా గొంతు గుర్తుపట్టింది. ఇట్లా రాస్తున్నాను, నువ్వు ఏమంటావు అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది, "అర్రకు ఎర్రగుడ్డ కట్టుండ్రి బిడ్డా. సదువు రాకున్నా ఎర్రగుడ్డ కనవడ్తది. లోపల ఉన్నోళ్ళకు గా జబ్బుందని ఎవ్వరు జెప్పకున్నా నాకు ఎర్కయితది."

రిపోర్టు పాజిటివ్ అని ఫోన్ రాగానే, కాగితం చేతికి రాకముందే, ఆ డ్యూటీలో ఉన్న సిస్టర్ తలుపు గడియకు ఎర్రగుడ్డ కట్టాలి అని రాశాను. జబ్బు పేరు బయటికి తెలియకుండా ఎర్రగుడ్డ అంటే "పూర్తి మాస్కు, గ్లౌజు, గౌను లేకుండా లోపలికి రావద్దు" అని మాత్రమే అందరికీ నేర్పిస్తాం. మొదటి పేజీలో అదే ఉంది.

శానిటేషన్ అన్నా, మీ లంబాడీ వాయిస్‌లు ఇంకా ఉన్నాయా? మా దగ్గర కూడా తండా నుంచి వచ్చేవాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు.


మిర్యాలగూడ శానిటేషన్:

పాత ఫోన్‌లో ఉన్నాయి మేడం, తీసి పంపుతాను. ఎర్రగుడ్డ గురించి కూడా మా ఆమెతో ఒకటి కొత్తగా రికార్డు చేయిస్తాను, రేపు ఆదివారం ఆమెకు సెలవు, సోమవారం పంపుతాను.